చలి కొండల్లో సొంత కరెంటుతో నడిచే క్యాబిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చలికాలం వచ్చిందంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గిస్తాం, అంతకు మించి చేసేదేమీ ఉండదు. అలాంటి ఊళ్ళో కూర్చుని చలి ప్రాంతాలకి క్యాబిన్లు గీస్తుంటాం కాబట్టి మాకు వచ్చే ప్రశ్నలు కూడా కాస్త వేరుగానే ఉంటాయి. అడిగేవాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు తమ భూమిలో హోమ్‌స్టే పెట్టుకుందామనుకునే కాఫీ రైతులు ఒకరు. హిమాచల్, లద్దాఖ్ వైపు చిన్న విడిది కట్టుకుందామనుకునే విశాఖ వాళ్ళు ఇంకొకరు. రోజూ ఫోన్లో చెప్పే సమాధానాలే ఇక్కడ రాశాం.

ఎన్ని కిలోవాట్ల సోలార్ పెట్టించాలి?

అందరూ ముందు అడిగేది ఇదే. అసలు ఇది ఆఖర్న అడగాల్సింది. గోడలు, కప్పు, కిటికీలు తేలాక సోలార్ లెక్క పది నిమిషాల పని. అవి తేలకుండా చెప్పే లెక్క ఏదైనా గాల్లో లెక్కే.

ఒక ఉదాహరణ చూడండి. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.6 మీటర్ల ఎత్తున్న ఒకే గది. గోడలు, కప్పు, నేల కలిపి దాదాపు 87 చదరపు మీటర్లు. అన్నీ 9 అంగుళాల ఇటుక గోడలా వేడిని వదిలేస్తాయనుకుందాం. బయట 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉండాలంటే గంట గంటకీ సుమారు 2.9 యూనిట్ల వేడి బయటికి పోతుంది. రాత్రి 10 గంటలకి 29 యూనిట్లు. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. దాని ఆయుష్షు దెబ్బతినకుండా వాడుకోగలిగేది అందులో సగం. అంటే కేవలం వేడి కోసం 30కి పైగా బ్యాటరీలు! క్యాబిన్ కంటే బ్యాటరీ గది పెద్దదైపోతుంది.

అదే గదికి చుట్టూ 100 మి.మీ. థర్మకోల్ షీటు సరిగ్గా తొడిగితే, గోడల నుంచి పోయేది 400 వాట్ల లోపుకి దిగుతుంది. కిటికీలు, గాలి మార్పిడి కలిపి 700 వాట్లు అనుకోండి. లోపల పడుకున్న ఇద్దరు మనుషుల ఒంటి వేడే అందులో 150 వాట్ల దాకా తీరుస్తుంది. మిగతాది పగటి ఎండని నేలలో దాచుకుంటే చాలావరకు వచ్చేస్తుంది.

అప్పుడు కరెంటుకి మిగిలేవి లైట్లు, ఫోన్లు, ల్యాప్‌టాప్, వైఫై, కాసేపు మోటారు. అన్నీ కలిపి రోజుకి ఒక యూనిట్ దాటవు. దానికి 500-600 వాట్ల ప్యానెళ్ళు, మూడు రోజులు ఎండ లేకపోయినా నెట్టుకొచ్చే బ్యాటరీ చాలు. ఇండక్షన్ స్టవ్ కావాలంటే రోజుకి ఇంకో యూనిటున్నర కలుపుకోండి.

గోడలు దేంతో కట్టాలి?

ఒక్క పదార్థంతో రెండు పనులూ అవ్వవు. బయట పొర వేడిని ఆపాలి, లోపల పొర వేడిని దాచాలి. ఆపడానికి థర్మకోల్, రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటిది), పఫ్ (పాలీయురేథేన్ నురగ) లాంటి తేలిక సరుకు. దాచడానికి మట్టి, రాయి, ఇటుక, కాంక్రీట్ లాంటి బరువైన సరుకు. ఈ వరస తిరగబడితే, అంటే వేడిని ఆపే పొరని, అదే ఇన్సులేషన్‌ని, లోపల పెట్టి ఇటుకని బయట వదిలేస్తే, దాచుకునే శక్తంతా చలికి అప్పజెప్పినట్టే.

ఎంత దాస్తుందో చూడండి. 20 చదరపు మీటర్ల గదిలో 4 అంగుళాల కాంక్రీట్ నేల 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5.7 యూనిట్ల వేడి అందులో ఉన్నట్టు. పైసా ఖర్చు లేని బ్యాటరీ, పాతికేళ్ళయినా మార్చక్కర్లేదు. కాకపోతే ఆ నేల కింద కూడా ఇన్సులేషన్ ఉండాలి. లేకపోతే వేడి నేరుగా భూమిలోకి దిగిపోతుంది.

మన ఏజెన్సీ గ్రామాల్లో మందపాటి మట్టి గోడలు, కిందికి దిగిన చూరు, చిన్న కిటికీలు ఉన్న పాత ఇళ్ళు చూసే ఉంటారు. దాచే పని ఆ గోడలకి బాగా తెలుసు. ఆపే పనే తక్కువ. ముఖ్యంగా పెంకుల సందుల్లోంచి వేడంతా పైకి పోతుంది. అలాంటి ఇల్లు మీకు ఇప్పటికే ఉంటే పడగొట్టొద్దు. కప్పు కింద మంచి సీలింగు వేసి, దాని మీద 100 మి.మీ. రాక్‌వూల్ పరిస్తే సగం పని అయిపోయినట్టే.

ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలున్న తేలిక కాంక్రీట్ దిమ్మలు) ఎర్ర ఇటుక కంటే, ఫ్లై యాష్ ఇటుక కంటే చాలా మెరుగు. 8 అంగుళాల ఏఏసీ గోడ 9 అంగుళాల ఇటుక గోడతో పోలిస్తే మూడో వంతు వేడిని మాత్రమే వదులుతుంది. లంబసింగి చలికి అది దాదాపు సరిపోతుంది. లద్దాఖ్‌కి చాలదు.

ఈ ఇన్సులేషన్ సరుకు విశాఖలో దొరుకుతుందా? పని తెలిసినవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. అయితే ఇళ్ళు కట్టే మేస్త్రీలని అడక్కండి, కోల్డ్ స్టోరేజీలు బిగించేవాళ్ళని అడగండి. రొయ్యల ఎగుమతి పుణ్యమా అని మైనస్ 18 డిగ్రీల గదులు కట్టడం ఈ ఊరికి కొట్టిన పిండి. వాటికి వాడే 100 నుంచి 150 మి.మీ. పఫ్ ప్యానెళ్ళే మనకీ పనికొస్తాయి. అక్కడ బయటి వేడిని లోపలికి రానివ్వరు, ఇక్కడ లోపలి వేడిని బయటికి పోనివ్వం. రెండు ప్యానెళ్ళ జాయింటులో సీలెంట్ ఎలా పట్టించాలో, తలుపుకి గాస్కెట్ ఎలా వేయాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: పఫ్ మండుతుంది, మండితే విషపు పొగ వస్తుంది. పొయ్యి పెట్టే గోడకి అది వద్దు, అక్కడ రాక్‌వూల్ వేయండి. పొగగొట్టం కప్పుని దాటే చోట కూడా చుట్టూ రాక్‌వూలే ఉండాలి.

ఇన్సులేషన్ అంతా వేసినా చలిగానే ఉంది. ఎందుకు?

సందులు. మందమైన గోడ కట్టి, తలుపు కింద అరంగుళం ఖాళీ వదిలేస్తే ఏం లాభం?

గాలి వీస్తున్న సాయంత్రం తలుపులన్నీ వేసి, ఒక అగరబత్తి వెలిగించి గది చుట్టూ మెల్లగా తిరగండి. కిటికీ చెక్క అంచు వెంబడి, స్విచ్ బోర్డుల దగ్గర, గోడ మీద కప్పు కూర్చునే చోట, పైపు బయటికి పోయే రంధ్రం దగ్గర చేతిని నిలిపి పొగని చూడండి. నిటారుగా లేచే పొగ ఒక్కసారిగా పక్కకి వంగిందా, అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. స్విచ్ బోర్డు దగ్గర చాలామంది ఆశ్చర్యపోతారు. గోడలో వేసిన కరెంటు పైపు కప్పు మీది చలిగాలిని తిన్నగా మంచం పక్కకి తెస్తూ ఉంటుంది.

విశాఖ ఫ్లాట్లలో కనిపించే అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు కొండల మీద అస్సలు వద్దు. స్లైడింగ్ ఎప్పుడూ బిగుతుగా మూసుకోదు, పైగా అల్యూమినియం ఫ్రేమే చలిని లోపలికి మోసుకొస్తుంది. రెక్కలు తెరుచుకునే యూపీవీసీ లేదా చెక్క కిటికీలు, వాటికి రెండు పొరల అద్దం. రాత్రికి మందపాటి పరదా వేసుకోవాలి. కిటికీ తక్కువ ఖర్చులో తేలిపోవాలంటే దాని సైజు తగ్గించండి, నాణ్యత తగ్గించొద్దు.

లంబసింగిలో స్థలం కొని క్యాబిన్ కట్టుకోవచ్చా?

మీరు గిరిజనులు కాకపోతే కుదరదు. లంబసింగి, అరకు, పాడేరు అన్నీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనని 1970లో సవరించిన చట్టం, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, అక్కడ గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారడాన్ని ఒప్పుకోదు. లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు దీన్ని ఇంకా గట్టిపరిచింది. ‘ఎవరో ఒకరి పేరు మీద పెడదాం’ అని వచ్చేవాళ్ళకి మేం డ్రాయింగులు వేయం.

ఆ భూమి ఉన్న కుటుంబాలే కట్టుకుని, మనం వెళ్ళి అతిథులుగా ఉండటమే అక్కడ సరైన దారి. హిమాచల్‌లో కూడా వ్యవసాయదారులు కాని బయటివాళ్ళు భూమి కొనాలంటే అక్కడి కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షన్ కింద ఆ రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ముందు లాయరుని కలవండి, తర్వాత ఆర్కిటెక్టుని.

క్యాబిన్ లోయలో పెట్టాలా, గట్టు మీద పెట్టాలా?

రెండూ కాదు, మధ్యలో. చల్లగాలి బరువు. గాలి లేని రాత్రి అది వాలు వెంబడి జారి పల్లంలో మడుగు కడుతుంది. లంబసింగి పొలాల్లో గడ్డి మీద తెల్లగా మంచు పట్టేది పల్లపు చోట్లే. గట్టు మీద ఈ బాధ ఉండదు కానీ గాలి దెబ్బ ఎక్కువ. దక్షిణానికి లేదా ఆగ్నేయానికి వాలిన నేలలో, పల్లానికి కొంత ఎత్తులో ఉన్న చోటు అన్నిటికంటే మంచిది.

పొగమంచు సంగతి కూడా చూసుకోవాలి. వంజంగి దగ్గర మేఘాలు చూడటానికి తెల్లవారుజామున ఎక్కే పర్యాటకులకి అది అందం. సోలార్ ప్యానెల్‌కి అది సగం పూట సెలవు. కాఫీ తోటల్లో నీడ కోసం వేసే సిల్వర్ ఓక్ చెట్లు ఇంకో చిక్కు: డిసెంబరులో వాటి నీడ చాలా దూరం సాగుతుంది. ప్యానెల్ మీద ఒక మూలన నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. చెట్లు కొట్టే పని పెట్టుకోవద్దు, ప్యానెళ్ళని కప్పు మీద కాకుండా ఎండ పడే చోట స్టాండు మీద పెట్టి వైరు లాక్కోండి.

దక్షిణానికి పెద్ద అద్దాలు పెట్టమంటున్నారు. వాస్తుకి పడదు కదా?

వారానికొకసారైనా వచ్చే ప్రశ్న. సూర్యుడికి వాస్తు తెలియదు కాబట్టి అతనెక్కడుంటాడో ముందు చూద్దాం. డిసెంబరు మూడో వారంలో మన అక్షాంశంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. లేహ్‌లో అయితే 32 డిగ్రీలే. చలికాలపు ఎండ గదిలోకి లోతుగా రావాలంటే దక్షిణపు అద్దం తప్ప దారి లేదు. నడివేసవిలో మాత్రం మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే జరుగుతాడు. కాబట్టి దక్షిణపు కిటికీ వేసవిలో బాధించదు, బాధించేది పడమటి కిటికీ.

చూరు లెక్క ఇలా వేస్తాం. 4 అడుగుల ఎత్తు కిటికీ, దాని పై అంచుకి ఒక అడుగు పైన అడుగున్నర చూరు. మార్చి 21 మధ్యాహ్నం కిటికీ దాదాపు పూర్తిగా నీడలో ఉంటుంది. డిసెంబరు 21న పైన ముప్పావు అడుగు వదిలితే మిగతా అంతా ఎండే.

వాస్తుతో రాజీ కూడా కుదురుతుంది. గుమ్మం తూర్పుకి పెట్టండి, వంట ఆగ్నేయంలో పెట్టండి, దక్షిణానిది తెరవని అద్దంగా ఉంచండి. ఇలా చెప్పాక ఒప్పుకోని ఇంటి పెద్దలు మాకు తక్కువే తగిలారు.

ట్రోంబ్ గోడ కట్టించుకోమంటారా?

దక్షిణపు గోడకి నల్లరంగు వేసి, దాని ముందు నాలుగైదు అంగుళాల దూరంలో అద్దం బిగిస్తారు. పగలు గోడ వేడెక్కుతుంది, ఆ వేడి గోడ మందం దాటి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో, ఓడేయో అనే ఊళ్ళో ఫెలిక్స్ ట్రోంబ్ 1967లో ఆర్కిటెక్ట్ జాక్ మిషెల్‌తో కలిసి ఇలాంటి ఇల్లు కట్టించాడు కాబట్టి ఆ పేరు. లద్దాఖ్‌లో ఇది బాగా పనిచేస్తోంది. అక్కడ చలి ఎంత గట్టిదో ఎండా అంత గట్టిది, చలికాలంలో కూడా ఆకాశం తేటగా ఉంటుంది. లేహ్ దగ్గర ఫే గ్రామంలో సెక్‌మోల్ అనే విద్యా సంస్థ క్యాంపస్ మట్టి గోడలతో, దక్షిణపు ఎండతో చలికాలం నెట్టుకొస్తోంది. లద్దాఖ్‌లో కట్టేవాళ్ళు మా డ్రాయింగుల కంటే ముందు దాన్ని చూసి రావడం మంచిది.

లంబసింగికి మాత్రం ఇది అనవసరం. అక్కడ పగలు ఎండ హాయిగానే ఉంటుంది. దక్షిణపు కిటికీ, వేడి దాచే నేల చాలు.

పొద్దున్నే గోడలకి, అద్దాలకి నీళ్ళు పడుతున్నాయి. కప్పు కారుతోందా?

కారట్లేదు. రాత్రంతా మీరు వదిలిన ఊపిరి, వంట ఆవిరి చల్లటి చోట నీరవుతున్నాయి. విశాఖలో ఏసీ గదికి తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. చలి ప్రాంతంలో అది లోపలి నుంచి బయటికి పోతుంది. అందుకే ఇన్సులేషన్‌కి లోపలి వైపు, అంటే వెచ్చటి వైపు, ఆవిరిని ఆపే పొర ఉండాలి. మన మేస్త్రీలు అలవాటు కొద్దీ ప్లాస్టిక్ షీటు బయటివైపు వేస్తారు. ఆవిరి గోడ మధ్యలో ఇరుక్కుని, ఏడాది తిరిగేసరికి చెక్క నల్లబడుతుంది.

మన ఏజెన్సీలో ఇంకో మెలిక ఉంది: నాలుగు నెలలు చలి, నాలుగు నెలలు ఎడతెగని వాన. అక్కడ తేమ రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి ప్లాస్టిక్‌తో మూసేయకుండా మట్టి, సున్నం పూతలు వాడటం మేలు. అవి తేమ పీల్చుకుని, ఎండ రాగానే వదిలేస్తాయి.

రాత్రికి కుంపటి పెట్టుకోవచ్చా?

వద్దు. దీనికి మినహాయింపు లేదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మనం సందులన్నీ మూసి బిగుతుగా కట్టిన క్యాబిన్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. ‘కిటికీ కొంచెం తెరిచి ఉంచుతాం’ అనే మాట నమ్మొద్దు.

కట్టెలతో వేడి కావాలంటే తలుపున్న ఇనప పొయ్యి, కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం, పొయ్యికి బయటి నుంచి విడిగా గాలి తెచ్చే పైపు ఉండాలి. హిమాచల్, కశ్మీర్‌లలో దీన్ని బుఖారీ అంటారు. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి. బాగా ఎండిన కిలో కట్టెలో సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది, మంచి పొయ్యిలో రెండున్నర దాకా గదికి దక్కుతుంది. పచ్చి కట్టె అయితే కొంత వేడి దాని తడి ఆరడానికే పోతుంది, సరిగ్గా మండక గొట్టంలో మసి పేరుకుంటుంది.

బ్యాటరీ ఏది కొనాలి?

లంబసింగికైతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 80 శాతం దాకా వాడుకోవచ్చు, నీళ్ళు పోసే పని లేదు. మైనస్‌లోకి దిగే చోట మాత్రం సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేస్తే లోపల పాడైపోతుంది, మళ్ళీ బాగుపడదు. కాబట్టి బ్యాటరీ బయట షెడ్డులో కాదు, మనతోపాటు గదిలో ఇన్సులేషన్ పెట్టెలో ఉండాలి. చలికి ఛార్జింగ్ ఆపేసే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. ఛార్జ్ నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ చలికి చావదు, ఖాళీ అయితే గడ్డకట్టి పాడవ్వచ్చు. మైనస్ 20 దగ్గర అది దాదాపు సగమే ఇస్తుంది.

విశాఖ డాబాగార్డెన్స్‌లో సోలార్ కిట్ కొని తీసుకెళ్తే సరిపోతుందా?

సరుకు అక్కడ కొన్నా పర్లేదు, లెక్క మాత్రం కొండకి వేయించుకోండి. చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.28 శాతం. 47 వోల్టుల ప్యానెళ్ళు మూడు సిరీస్‌లో కలిపితే 25 డిగ్రీల దగ్గర 141 వోల్టులు. 150 వోల్టుల ఛార్జ్ కంట్రోలర్‌తో (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి సర్ది పంపే పెట్టె) విశాఖలో ఏళ్ళ తరబడి నడుస్తుంది. అదే సెట్ మైనస్ 15 డిగ్రీల ఉదయం మొదటి ఎండకి 156 దాటుతుంది, కంట్రోలర్ కాలిపోతుంది. రెండేసి ప్యానెళ్ళు కలపండి, లేదా పెద్ద కంట్రోలర్ తీసుకోండి.

వాలు కూడా మారుతుంది. చలికాలం కోసం అక్షాంశానికి 15 కలపాలి: లంబసింగికి సుమారు 33 డిగ్రీలు, లేహ్‌కి 49. నిటారుగా ఉన్న ప్యానెల్ మీద మంచు కూడా నిలవదు.

పక్కనే గెడ్డ (వాగు) ఉంది. దాని మీద కరెంటు తీయొచ్చా?

ఏడాది పొడుగునా పారే గెడ్డ అయితే మీ అదృష్టం. సెకనుకి 10 లీటర్లు, 20 మీటర్ల ఎత్తు నుంచి పైపులో దిగితే చిన్న టర్బైన్ దాదాపు ఒక కిలోవాటు ఇస్తుంది. వినడానికి చిన్నదే, కానీ రాత్రీ పగలూ ఆగదు కాబట్టి రోజుకి 23 యూనిట్లు! సోలార్‌తో అంత రావాలంటే 6 కిలోవాట్లు కావాలి. నీళ్ళ కొలత మాత్రం వానాకాలంలో కాదు, ఏప్రిల్‌లో తీసుకోండి. బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. లద్దాఖ్‌లో వాగులు చలికాలం గడ్డకడతాయి, అక్కడ దీని మీద ఆధారపడలేం.

గాలిమర?

ఇంటి కప్పు మీద పెట్టే చిన్నవి శబ్దం ఎక్కువ, కరెంటు తక్కువ. వద్దు.

పోర్టు దగ్గర పాత కంటైనర్ చవగ్గా వస్తోంది. దాన్నే క్యాబిన్ చేస్తే?

తీసుకెళ్ళడం ఒక బాధ, ఘాట్ రోడ్డు మలుపుల్లో 40 అడుగుల ట్రెయిలర్ తిరగదు. దాన్ని 20 అడుగులకి తగ్గించినా, లోపలి వెడల్పు 2.35 మీటర్లే. రెండు వైపులా 100 మి.మీ. ఇన్సులేషన్ వేస్తే డబుల్ మంచం వేశాక నడవడానికి ఇరుకే. ఇనుము థర్మకోల్ కంటే వెయ్యి రెట్లకి పైగా వేడిని మోస్తుంది, దాని లోపలి ముఖం మీద రాత్రంతా నీరు కారుతుంది. తప్పదంటే ఇన్సులేషన్ బయటి నుంచి తొడిగి, పైన వేరే కప్పు వేయండి. అప్పటికి ఆ చవక ఎంత మిగిలిందో లెక్క చూసుకోండి.

వేడి నీళ్ళకి గీజర్ నడుస్తుందా?

ఒక బకెట్‌కి అర యూనిట్ చాలు. 100 లీటర్ల ట్యాంకు కాచాలంటే మూడున్నర యూనిట్లు. ట్యూబుల సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటే కరెంటు జోలికే వెళ్ళక్కర్లేదు. మైనస్‌లోకి పోయే చోట నీళ్ళ పైపులన్నీ ఇన్సులేషన్ లోపలి వైపు నుంచే రావాలి. రాత్రికి బయటి పైపు ఖాళీ చేసే వాల్వు ఒకటి అన్నిటికంటే కింద పెట్టాలి. 3,500 మీటర్ల ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. అదీ మీ కరెంటు లెక్కలోకే వస్తుంది.

గాలివానకి, మంచు బరువుకి తట్టుకుంటుందా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. విశాఖకి ప్రమాణాల ప్రకారం లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. కొండ గట్టు మీద కట్టేవాళ్ళూ అదే జాగ్రత్తతో ప్యానెల్ క్లాంపులు బిగించాలి. మంచు పడే చోట బరువు వేరే లెక్క: గట్టిపడ్డ మంచు ఘనపు మీటరుకి 300 కిలోల పైమాటే. 25 చదరపు మీటర్ల కప్పు మీద రెండడుగులు పేరుకుంటే నాలుగున్నర టన్నులు. హిమాలయాల్లో భూకంపాల సంగతి కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో విశాఖ ఇంజినీరు సంతకం చాలదు, అక్కడి ఇంజినీరుతో చూపించుకోండి.

కరెంటు స్తంభం పక్కనే ఉంది. అయినా సొంతంగానే ఉండాలా?

అక్కర్లేదు. లైను ఉంటే కనెక్షన్ తీసుకోండి, బ్యాటరీ చిన్నది పెట్టుకోండి. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా గ్రిడ్‌కి కలిపిన ఇంటి కప్పులకే వస్తుంది. లైను దూరంగా ఉండి, స్తంభాల ఖర్చు మీద పడేటప్పుడే పూర్తి స్వయం సమృద్ధి లాభం.

మీకు డ్రాయింగు కోసం ఏం పంపాలి?

భూమి కాగితాల కాపీ. స్థలంలో క్యాబిన్ పెట్టాలనుకున్న చోట నిలబడి ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నాలుగు దిక్కులా తీసిన ఫొటోలు, వీలైతే డిసెంబరులో. దక్షిణం ఎటో ఫోన్ కంపాస్‌తో చూసి ఫొటో మీద రాయండి. లారీ ఎంతవరకు వస్తుందో, అక్కడి నుంచి సామాను ఎంత దూరం మోయాలో కూడా చెప్పండి. పఫ్ ప్యానెళ్ళని ఎన్ని అడుగుల ముక్కలుగా కోయించాలో దాన్ని బట్టే తేలుతుంది.